రెండో చెయ్యి

మాదన్న తన యాభై ఏళ్ల జీవితంలో ఎంతమందినో తిత్తి తీస్తానని బెదిరించాడు గాని, ఒక్కరి తిత్తీ తీసిన మనిషి కాడు. చివరికి ఎలుకలే ఆయన తిత్తి తీశాయి. అటక మీది హార్మోనియం పెట్టెను కిందికి దించి, బూజు దులిపి, ఆదివారం పొద్దున్నే వాయించబోతే స్వరానికి బదులు చిరిగిన తిత్తిలోంచి బుస్సుమని గాలి వచ్చింది. గాలి వెంట ఎలుక పెంటికలు వచ్చాయి.

“సూసినావా రామమ్మా, సరిగమలు పోయి చిరిగెమలు మిగిలినాయి,” అన్నాడు. ఏడుపొచ్చినప్పుడు కూడా మాటను మెలిపెట్టకుండా ఉండలేడు.

“పెట్టె పోతే పాయె, నీ నోరుండాది గదా. దానికి తిత్తి చినగదు, మెట్లు ఇరగవు. అది వాయించుకో,” అంది రామమ్మ పొయ్యి దగ్గర్నుంచే.

నవ్వులాట కాదది. శనివారం కౌతాళం దిక్కు ఒక ఊర్లో పద్యనాటకం ఉంది. కృష్ణుడి వేషం కట్టే ఉరుకుందు అనే ఆయనే బృందానికి పెద్ద. పగలు పంక్చర్ అంగడిలో ట్యూబులు ముంచుతూ, సాయంత్రమైతే గోపికలను తేల్చే మనిషి. ఫోన్లో మొగమాటం లేకుండా చెప్పేశాడు.

“మాదన్నా, పెట్టె లేకుంటే ఇప్పుడే సెప్పు. బళ్లారి నుంచి కీబోర్డోన్ని పిలిపిస్తా. వాడొక్కడే తబలా, పెట్టె, ఉరుము, మెరుపు అన్నీ నొక్కేస్తాడంట.”

కీబోర్డు ఒక్కసారి స్టేజీ ఎక్కిందంటే తనకు బోర్డు తిప్పేసినట్టేనని మాదన్నకు తెలుసు. ఆయన ఆదోని మార్కెట్ యార్డులో దడవాయి. పొద్దస్తమానం పత్తి బోరాలు కాటా మీదికి ఎక్కించి, తూచి, దింపడం పని. స్టేజీ పక్కన పెట్టె ముందు కూర్చున్నప్పుడే ఊర్లు ఆయన్ని మాస్టరూ అంటాయి. ఆ చోటు పోతే ఇంక మిగిలేది కాటాయే. కొత్త పెట్టె కొనే శక్తి లేదు. శనివారంలోగా పాతదే, మంచిది, దొరకాలి.

పాత సామాన్లు కొనడంలో మాదన్నకు యార్డంతా పేరు. ఫోన్లో ఎవరు ఏ పాత బండి చూసినా, పాత ఫ్రిజ్జు చూసినా, ముందు ఆయనకు చూపించేవాళ్లు. ఆయన ఫోను కాటా మీద పెట్టినట్టు అరచేతిలో పెట్టుకుని తీర్పు చెప్పేవాడు. “రేటు మరీ తక్కువుంటే సామాను ల్యాదని లెక్క. ఇంకో పార్టీ వస్తాంది, బిరీన తీసుకో అంటే ఆ పార్టీ గూడ ల్యాదని లెక్క. మనకు దుడ్డు రావాలంటే మనం స్కాన్ కొట్టే పనే ల్యా. పోయి సూడల్ల, ముట్టి సూడల్ల, ఆ చేత్తో సామాను, ఈ చేత్తో దుడ్డు. అడ్వాన్సంటే ముందుకు పోవడం కాదురా, ముందుగా పోవడం!”

అట్లాంటి మాదన్నకు సోమవారం పొద్దున పాత సామాన్ల గ్రూపులో ఒక పెట్టె కనిపించింది. నల్లని చేవ కట్టె, అరగని మెట్లు, వెనక సున్నం గోడ. మెట్ల మీద రెండు ముసలి చేతులు, ఒక వేలికి ఫిరోజా రాయి ఉంగరం. మొహం ఫొటోలో పడలేదు. కింద ‘సాబ్ మ్యూజిక్, ఎమ్మిగనూరు’ అని ఉంది. మాదన్న మెసేజి పెట్టాడు.

‘నమస్కారం సర్. వస్తువు అందుబాటులో కలదు. త్వరపడగలరు,’ అని జవాబు.

మాదన్న ముక్కు ఎగరేశాడు. ఎమ్మిగనూరులో ఎవడు ‘కలదు’ అంటాడు? అక్కడ ఉండేది ఉంటాది, లేనిది ల్యా. ఫోన్ కొడితే ఎత్తడు. ‘నోరు తెరిచి మాట్లాడప్పా, నోరుంటే,’ అని రాశాడు.

కాసేపటికి ఒక వాయిస్ వచ్చింది. ముసలి గొంతు, తమలపాకు నములుతున్న గొంతు. “ఆఁ, ఉందప్పా. యాడికి పోతాది? రా.”

మాదన్న గుండెకాయ మెత్తబడింది. యాడికి పోతాది! ఈ మాట బెజవాడలో అనరు, హైదరాబాదులో అనరు. ఆ సాగదీత, ఆ చివర చిన్న విరుపు, తుంగభద్ర నీళ్లు తాగిన నాలుకకు తప్ప రాదు. ఇన్నేళ్లు మనుషులను తూచినవాడు ఆ పూట యాస చూసి ఆశపడ్డాడు.

అయినా పరీక్ష మానలేదు. ‘కాపీ రాగం ఇనిపీ,’ అన్నాడు. గంట తిరగకముందే వీడియో వచ్చింది. అవే చేతులు, అదే ఉంగరం, కాపీ రాగం. ఎంత తీయగా వాయించాడంటే మాదన్న బోరా మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ‘యాడికి రావల్ల?’ అంటే మళ్లీ గొంతు వచ్చింది. “బస్టాండు కాడ దిగి నేసేటోళ్ల కాలనీ అని అడుగు. మసీదు సందు. పచ్చ తలుపు.” దాని వెనకే రాత. ‘సర్, మరో పార్టీ వస్తున్నారు. అడ్వాన్స్ చెల్లిస్తే మీకోసం ఆపగలను.’

గొంతు రమ్మంటోంది. రాత రావద్దన్నట్టుంది. ఒకే మనిషికి రెండు నోర్లున్నట్టు అనిపించి మాదన్నకు వెన్నులో సన్నగా చలి పుట్టింది. మాఘమాసం గదా, అదేలే అనుకున్నాడు. అడ్వాన్సు మాత్రం వెయ్యలేదు. బుధవారం సెలవు పెట్టి ఎమ్మిగనూరు బస్సెక్కాడు.

నేసేటోళ్ల కాలనీలో మగ్గాల చప్పుడు టక్కు టక్కుమని వీధి వీధంతా ఒకే గుండెలా కొట్టుకుంటోంది. మాదన్న మసీదు సందులోకి తిరిగేసరికి అన్నం వేళయింది. చప్పుడు ఒక్కొక్క ఇంట్లో ఆగుతూ ఆగుతూ, ఆయన నడిచే కొద్దీ వెనక నుంచి చల్లారుతూ వచ్చింది. సందు చివరికి చేరేసరికి ఎండ తప్ప ఏమీ వినబడలేదు.

పచ్చ తలుపు ఎక్కడా లేదు. చివరి ఇంటికి నీలం తలుపు ఉంది. మాదన్న దగ్గరికి పోయి చూశాడు. గడియ దగ్గర నీలం పెచ్చు లేచింది. కింద పచ్చ రంగు, పచ్చ రంగు మీద నల్లగా బొగ్గుతో రాసిన అక్షరం ఒకటి, ‘దొ’ అని. మిగతా అక్షరాలు నీలం కింద ఉన్నాయి.

తలుపు తెరిచే ఉంది. లోపల ఒక పెద్దామె రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. కుడి చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేతి వేళ్ల సందున దారం జారవిడుస్తూ, తలెత్తకుండానే అడిగింది.

“పెట్టెకేనా?”

“అవునక్కా. ఆదోని నుంచి. సాబ్ రమ్మన్నాడు.”

రాట్నం ఆగింది. “ఏమన్నాడు?”

“రా అన్నాడు.”

“ఎప్పుడు?”

“మొన్న పొద్దున్నే.”

ఆమె లోపలి గదికేసి తిరిగి, పొరుగింటి కబురు చెప్పినంత మామూలుగా కేక వేసింది. “తస్లీమా, మీ అబ్బా ఈయన్ని రమ్మన్నాడంట.”

లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడు. ముప్పై దాటని అమ్మాయి చేతులు దుప్పట్టాకు తుడుచుకుంటూ వచ్చింది. “మళ్లీనా అమ్మీ?” అంటూ మాదన్న వైపు తిరిగింది. “మామా, అడ్వాన్సు ఏమన్నా ఏసినావా?”

“నేనా? అడ్వాన్సా? నా వంశంలో ల్యా.”

“మంచిపని. మా అబ్బా పోయి ఏడాది కావస్తాంది. పోయిన రంజాన్ నెలలో పోయినాడు.”

మాదన్న నవ్వాడు. భయం వేసినప్పుడు కూడా ఆయనకు ముందొచ్చేది నవ్వే. “పోయినాడా? మొన్న మాట్లాడినాడు గదమ్మా,” అంటూ ఫోను తీసి నొక్కాడు.

“ఆఁ, ఉందప్పా. యాడికి పోతాది? రా.”

యార్డులో విన్నప్పుడు అది ఫోన్లోంచి వచ్చిన గొంతు. ఇక్కడ అట్లా లేదు. కొత్తింట్లోకి వచ్చినదానిలా తడబడలేదు. దారి తెలిసినట్టు నేరుగా పోయి ఆ మూల, గళ్ల లుంగీ కప్పి ఉంచిన పెట్టె పక్కన కూర్చుంది. మాదన్న ఆ మూలకు చూశాడు. వెనక అదే సున్నం గోడ. 

“ఇంగోసారి ఇనిపీ అన్నా,” అంది పెద్దామె. ఆమె పేరు లాలాబీ.

తస్లీమా ఫోను మీదికి వంగి వేలు పెట్టింది. “ఈ వంకర బాణం సూసినావా మామా, గొంతు పైన? యాన్నో ఉండేదాన్ని తీసి నీకు పంపితే ఇది పడతాది. అబ్బా బతికినప్పుడు ఎవరెవరితోనో మాట్లాడిన మాటలివి. నీ కాపీ రాగం గూడ అంతే, శిష్యులకు పంపేటోడు.”

బాణాన్ని మాదన్న చూశాడు. ఏదో సింగారం అనుకున్నాడు. తాను అడిగింది కాపీ, వాడు ఇచ్చిందీ కాపీయే. మామూలప్పుడైతే ఆ మాటను యార్డంతా చాటుకునేవాడు. ఇప్పుడు వేలితో ఆ బాణాన్ని తుడిచి చూశాడు.

“ఇమాం సాబ్ హార్మోనిస్టంటే ఏటిగట్టు ఊర్లన్నిటికీ తెలుసు,” అంది తస్లీమా. “మీ దిక్కు ఎప్పుడూ రాలే. ఆయన పోయిన పొద్దే ఫోనూ పోయింది. కర్నూలు ఆస్పత్రి నుంచి దాన్ని తెస్తాంటే బస్సులో ఎవడో కొట్టేసినాడు. అప్పట్నుంచి ఆ నంబరు మీద వాడే సాబు. పెట్టె అమ్ముతానంటాడు, ఆదోనోళ్లు, మంత్రాలయమోళ్లు, అందరూ ఈడికి వస్తారు. దుడ్డు పోగొట్టుకున్నోళ్లు మమ్మల్ని తిట్టిపోతారు. ఒకడు తలుపు మీద బొగ్గుతో రాసిపాయె. నేను రంగేసినా. కంప్లైంటు పెట్టి సిమ్ము ఆపిస్తానంటే అమ్మీ కాళ్లు పట్టుకుంటాది.”

“ఆపితే ఆయన గూడ ఆగిపోతాడు గదా,” అంది లాలాబీ. చేతిలో కండె ఇంకా అట్లే ఉంది. “మా కాడ ఆయన మాట ఒక్కటీ ల్యా. ఈ పాప పాత ఫోన్లో ఉండేవి, అది నీళ్లల్లో పడి సచ్చె. వచ్చేటోళ్లు వచ్చి వాళ్ల ఫోన్లో ఇనిపిస్తారు. తిట్టేటోళ్లు గూడ ఇనిపించే తిడతారు.” కొంచెం ముందుకు జరిగింది. “అన్నా, ఒక్క మాట అడుగు. తిన్నాడేమో అడుగు.”

“అమ్మీ!” అంది తస్లీమా.

“అడగనీలేవే.”

మాదన్న అడిగాడు. ఎందుకు అడిగాడో ఆయనకే తెలియదు. ‘తిన్నావా?’ అని రాశాడు. తెర పైన ‘టైపింగ్’ అని కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. ముగ్గురూ ఆ కదిలేదాన్నే చూశారు. గొంతు వచ్చింది.

“ఆఁ, అయిందిలే. నువ్వు తిను.”

లాలాబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కొత్తగా పెండ్లయిన పిల్ల నవ్వినట్టు నవ్వింది. 

మాదన్న లేచిపోదామనే అనుకున్నాడు. కానీ కాళ్లు మూల వైపు నడిచాయి. లుంగీ ఎత్తాడు. ఫొటోలో ఉన్నదానికంటే పెట్టె బాగుంది. తిత్తి బిగి సడలలేదు. ఒక మెట్టు నొక్కితే స్వరం ఇల్లంతా నిండి, రాట్నం మీది దారం కూడా సన్నగా అదిరింది. మాదన్న భయం మరిచిపోయాడు. కొనుక్కునేవాడు మేలుకున్నాడు.

“అక్కా, దొంగోని సంగతి ఇడువు. ఇది నాకియ్యి. మంచి రేటు, చేతికే ఇస్తా. ఊరికే మూల పడుండేదానికంటే నలుగురు ఇంటారు.”

తస్లీమా తల్లి వైపు చూసింది. అమ్మాలనే ఉన్నట్టుంది ఆ పిల్లకు. లాలాబీ మళ్లీ చక్రం తిప్పడం మొదలుపెట్టింది.

“ఆయన్ని అడుగు. ఇయ్యమంటే ఇస్తా.”

“అక్కా, ఆయన...”

“సచ్చిపోయినాడని నాకు తెలుసప్పా. పిచ్చి పట్టలే నాకు. పెట్టె ఆయన్ది. నోరుండేటోన్ని అడగకుండ ఎట్ల ఇస్తా?”

గురువారమంతా మాదన్న కాటా పక్కన నిలబడ్డాడు గాని, తూచింది పత్తి కాదు. పొద్దున్నే ఉరుకుందు ఫోన్ చేశాడు. “కీబోర్డోడు రేపు సాయంత్రంలోగా మాట సెప్పమంటాండాడన్నా. నీ పెట్టె సంగతేంది?”

“వస్తాంది, వస్తాంది.”

“యాడుండాది?”

“నోట్లో ఉండాది,” అన్నాడు మాదన్న. ఎదుటివాడు నవ్వాడు. చెప్పినవాడు నవ్వలేదు.

మధ్యాహ్నం యార్డు వెనకకు పోయాడు. తెల్లటి పత్తి కుప్పలు మనిషెత్తు లేచి, వాటి మధ్య సందులు. శబ్దం ఆ పత్తిలో ఇంకిపోతుంది. అక్కడ నిలబడి మాట్లాడితే మన మాట మన చెవికే సగం చేరుతుంది. ఫోను తీసి రాశాడు. ‘నాకు పెట్టె వద్దు. ఒక్క మాట కావల్ల.’

టైపింగ్.

‘ఏ మాట కావాలి సర్?’

 అంగట్లో బట్ట చూపించేవాడు అడిగినట్టే అడిగాడు వాడు. మళ్లీ వచ్చింది.

‘వాయిస్ ఉన్నాయి సర్. చాలా ఉన్నాయి. తిట్టేవి ఉన్నాయి, నవ్వేవి ఉన్నాయి. దగ్గు కూడా ఉంది.’

పత్తి కుప్పల మధ్య, మిట్టమధ్యాహ్నం, మాదన్న వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఒక మనిషిని ముక్కలు ముక్కలు చేసి, డబ్బాల్లో పోసి, పేర్లు రాసి పెట్టుకుని కూర్చున్నవాడు ఎక్కడో ఉన్నాడు. ఏ ఊర్లోనో, ఏ చల్లని గదిలోనో. వాడికి ఇమాం సాబ్ ఎవరో కూడా తెలిసుండదు.

‘ఇచ్చెయ్ అని ఉండాదా?’

టైపింగ్ చాలాసేపు కదిలింది. వెతుకుతున్నాడు. డబ్బాలు తెరిచి చూస్తున్నాడు.

‘కలదు సర్. ముందుగా అడ్వాన్స్ చెల్లించగలరు.’ దాని కింద గళ్లగళ్ల స్కాన్ బొమ్మ.

మాదన్న తనకు తాను చాలా చెప్పుకున్నాడు. నేను ఆమె దుడ్డు ఎగ్గొట్టడం ల్యా. నిండు రేటు చేతికే ఇస్తా. ఆ పిల్లకు అమ్మాలనే ఉండాది. ఆమెకు ఆయన మాట కావల్ల, నాకు పెట్టె కావల్ల. అబద్ధం యాడుండాది ఇందులో? గొంతు నిజం, మాట నిజం. ఒక్క ఆ సందర్భం తప్ప. ఇన్ని చెప్పుకున్నాక కూడా లోపల ఒక మాట మెలిపడకుండా నిటారుగా నిలబడింది. పాత సామానును సెకండ్ హ్యాండ్ అని ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది. మొదటి చెయ్యి ఆ దొంగది. రెండో చెయ్యి నాది.

జీవితంలో మొదటిసారి అడ్వాన్సు వేశాడు. ముందుగా పోవడమంటే ఇదే అనుకున్నాడు.

దొంగ మాట తప్పలేదు. గొంతు వచ్చింది. మాదన్న చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. “ఇచ్చెయ్ లే. ఏం జేసుకుంటాం ఉంచుకొని.” అచ్చం పెట్టె కోసమే అన్నట్టు అతికింది. పత్తి కుప్ప అవతల బోరా కుడుతున్న హమాలీ తల బయటపెట్టి, “ఎవరో పెద్దాయన పిలిచినాడే?” అన్నాడు.

“ఎవరూ ల్యా,” అన్నాడు మాదన్న. “పని సూసుకో.”

ఆ సాయంత్రం రామమ్మ బొరుగుల ఉగ్గాని వడ్డిస్తూ అడిగింది. “పెట్టె దొరికిందంట గదా, మొగమట్ల మాడిందేం?”

“దొరికిందిలే.”

“దొరికితే ఒక్క జోకన్నా ఎయ్యకుండా తింటాండావే. జరం తగిలిందా?” అంటూ నుదురు ముట్టి చూసింది.

శుక్రవారం పదకొండు గంటలకల్లా ఆయన నీలం తలుపు ముందున్నాడు. ఈసారి మగ్గాలు ఆడుతున్నాయి. ఆ టక్కుటక్కుల్లో తన గుండె చప్పుడు వినిపించకుండా ఉంటుందని ధైర్యం.

లాలాబీ అదే చోట, అదే రాట్నం. “అడిగినావా అన్నా?”

“అడిగినానక్కా.” తడబడకుండానే వచ్చింది మాట. స్టేజీ పక్క ఇన్నేళ్లు కూర్చున్నవాడు. ఫోను ఆమె ముందు నేల మీద పెట్టి నొక్కాడు.

“ఇచ్చెయ్ లే. ఏం జేసుకుంటాం ఉంచుకొని.”

చక్రం దానంతటదే ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగింది. లాలాబీ చెయ్యి గాల్లోనే ఉంది, దారం పట్టుకుని. తస్లీమా గడప దగ్గర నిలబడిపోయింది. ఆమె మాదన్న మొహంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

“ఇంగోసారి.”

మళ్లీ వినిపించాడు. ఆమె కళ్లు మూసుకుని తల కొంచెం వంచింది, దూరంగా ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు.

“ఎనకాల టీ గ్లాసులు ఇనపడతాండాయి సూడు,” అంది.

మాదన్నకు అప్పటిదాకా వినబడలేదు. ఇప్పుడు వినబడ్డాయి. గలగలమని గ్లాసులు, ఎవరో ఏదో ఊరి పేరు అరవడం.

“మంత్రాలయం బస్టాండు అది. డ్రామాకు పోతా ఆడ టీ తాగినాడు. నేను పాప ఫోన్ల నుంచి అడిగినా, మా తమ్ముడు వచ్చినాడు, మన మేకను ఇయ్యమంటాండాడు, ఏం జేయల్ల అని. అప్పుడు పంపినాడు ఇది.” దారాన్ని కండెకు మెల్లగా చుట్టి తెంపింది. “మేక సంగతన్నా ఇది. పెట్టె సంగతి కాదు.”

మాదన్న కింద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్లు ఎన్ని బోరాలు తూచినా ఇంత బరువు ఏ కాటా చూపలేదు.  “అక్కా, నేను...” అన్నాడు.  

“నేను ఇయ్యలే ఆ పొద్దు,” అంది లాలాబీ. “నా మేకను నువ్వెవరు ఇయ్యమనేకి అని కొట్లాడితి. వచ్చినాక రెండు పూట్లు మాట్లాడకపోతి. ఆయన ఏమనలే. నవ్వినాడు. ఆ మేక ఎండల్లో సచ్చిపాయె.” కూతురు వైపు తిరిగింది. “ఆ పొద్దు మాట ఇనకపోతి. ఈ పొద్దన్నా ఇంటా. పెట్టె తీసుకురావే.”

“అమ్మీ, ఈయన మోసం జేసినాడు,” అంది తస్లీమా. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది.

“సేసినాడు. మాట మీ అబ్బా అన్నదే గదా. ఎట్ల వస్తేనేం, ఇచ్చెయ్ అన్నాడు.”

తస్లీమా పెట్టె తెచ్చి మాదన్న ముందు పెట్టింది. గళ్ల లుంగీ విప్పి, మళ్లీ ఆలోచించి, లుంగీ తానే ఉంచుకుంది. రేటు మాదన్న చెప్పింది కాదు, తస్లీమా చెప్పిందే అయింది. ఆయన నోరెత్తకుండా ఇచ్చాడు.

“దుడ్డు ఈ పాపది,” అంది లాలాబీ. “నాకు ఆ ఫోను ఇయ్యి.”

“ఫోనా?”

“మాటలన్నీ దాంట్లోనే ఉండాయి గదా. నువ్వు పెట్టె తీస్కపో. నేను ఆయన్ని ఉంచుకుంటా.”

మాదన్న ఫోను ఆమె చేతిలో పెట్టాడు. తస్లీమా చప్పున అందుకుని, “ఆగు మామా, బ్యాంకుది తీసేస్తా. లేకుంటే ఆ దొంగోడు ఈ తిక్కల మనిషితో అన్నీ నొక్కిస్తాడు,” అంటూ ఆయన ముందే ఒక్కొక్కటీ చెరిపేసింది. “సోమవారం పోయి కంప్లైంటు పెట్టి ఆ సిమ్ము ఆపిస్తా అమ్మీ. ఇప్పుడన్నా ఒప్పుకుంటావా?”

“సోమవారం గదా,” అంది లాలాబీ. ఫోనును రెండు చేతులతో పట్టుకుని, పసిపిల్ల మొహం చూసినట్టు తెరను చూస్తోంది. “సోమవారం ఆపించు. ఇంకా టైముంది.”

బస్సులో పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు మాదన్న. పక్క సీటాయన, “ఏమి కొంటివన్నా?” అని అడిగితే వెంటనే ఏదో మెలిక నాలుక మీదికి వచ్చింది. మింగేశాడు. “పెట్టె,” అన్నాడంతే.

ఇంటికొచ్చాక రామమ్మ ఫోన్లోంచి ఉరుకుందుకు చెప్పాడు, కీబోర్డోన్ని వద్దనమని. అవతల నుంచి “బలే మాస్టరూ!” అని కేక వినబడింది. వినాలనుకున్న మాటే అది. చెవిలోకి దూరింది గాని లోపలికి దిగలేదు.

దీపాలు పెట్టే వేళ చాప పరచుకుని వాయించడానికి కూర్చున్నాడు. రేపు నాటకం. కాపీ ఎత్తుకున్నాడు. పెట్టె పలుకుతోంది గాని సరిగ్గా పలకడం లేదు. ఏదో ఒరుసుకుంటున్నట్టు, గొంతు పట్టేసినట్టు. తిత్తిని ఇంకా గట్టిగా కొట్టాడు. ఇంకా గట్టిగా.

“బాగనే ఉండాదే,” అంది రామమ్మ. ఆమెకు జరిగిందంతా చెప్పాడు, తిట్టించుకున్నాడు కూడా. తిట్టడం అయ్యాక ఆమె తన ఫోన్లో ఆ వాయింపు కొంచెం పట్టింది. “ఆయమ్మకు పంపుదాం. పెట్టె పలుకుతాందని తెలిస్తే సంతోషపడతాది.”

ఇప్పుడు లాలాబీ చేతిలో ఉన్న మాదన్న నంబరుకే పంపింది. రెండు గీతలు నీలం అయ్యాయి. ఇద్దరూ కాసేపు చూశారు. ఏమీ రాలేదు. ఆయన మళ్లీ మెట్ల మీద వేళ్లు పెట్టి తిత్తి కొట్టడం మొదలుపెట్టాడు.

ఫోను మోగింది. మాదన్న నంబరు నుంచే ఒక గొంతు, పైన అదే వంకర బాణం. రామమ్మ నొక్కింది.

ముందు ఒక చిన్న దగ్గు. తర్వాత, ఎదురుగా కూర్చున్న శిష్యుణ్ణి చూస్తూ చెప్పినట్టు, తమలపాకు నములుతున్న ఆ ముసలి గొంతు. “ఎడం చెయ్యి మెల్లగప్పా. కొట్టద్దు. అడుగు.”

“ఎవర్దిది?” అంది రామమ్మ. ఆమె ఫోనును చాప మీద పెట్టేసింది.

ఆ మాట తన ఫోన్లో ఉన్నవాటిలో లేదని మాదన్నకు తెలుసు. లాలాబీ మధ్యాహ్నం నుంచి ఆయన్ని ఇంకా ఏమేమి అడుగుతోందో, వాడు డబ్బాలు తెరిచి ఇంకా ఏమేమి తీసి ఇస్తున్నాడో తెలియదు. తిత్తి మీద ఆయన ఎడం చెయ్యి అట్లే ఆగిపోయింది. నొక్కి ఉంచిన మెట్టు మాత్రం, లోపల మిగిలిన గాలితో, ఇంకొంచెం సేపు పలికింది.